ఫినాయిలూ చెంబునీళ్ళూ

రేణిగుంట స్టేషన్లో ఆగి ఉన్న మద్రాసు బండిలో, రెండో తరగతి పెట్టెలో, అంతకు ముందు నేను కూర్చున్న చోట ఒక మనిషి ఫినాయిలు పోసి తుడుస్తున్నాడు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి అది చూస్తున్నాను. చూడాలని కాదు. నా ట్రంకుపెట్టె ఇంకా లోపలే ఉంది. అది బయటికి వచ్చేదాకా నేను కదలడానికి లేదు.

ఆకుపచ్చ తోలు తొడిగిన మెత్త అది. అతను గుడ్డ ముంచి, పిండి, నేను కూర్చున్నంత మేర తుడిచాడు. ఎదురుగా కూర్చున్న దొరసాని కిటికీ చట్రం వైపు వేలు చూపించింది. నేను మోచెయ్యి ఆనించుకున్న చోటు. అదీ తుడిచాడు. ఆమె ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. నేను దిగిపోయాను కాబట్టి ఇక ఆ పెట్టెలో మిగిలింది ఫినాయిలు వాసనే. పక్కన దొర పత్రిక చదువుకుంటున్నాడు. నేను పనిచేసే పత్రిక కాదు.

గార్డు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

"ఏమీ అనుకోవద్దు సార్. దొరసానికి ఒంట్లో బాగలేదంట. ముందర పెట్టెల్లో చోటుండాది, పోయి కూసోండి."

"నా దగ్గర టికెట్టు ఉంది."

"ఉండాది సార్, నేను చూసినా గదా. ఇది టికెట్టు సంగతి కాదు."

ట్రంకు బయటికి వచ్చింది. తుడిచిన మనిషే దాన్ని నా కాళ్ళ దగ్గర పెట్టి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. అతని చేతి ఫినాయిలు తడి ట్రంకు పిడికి అంటుకుంది. దాన్ని పట్టుకునే నేను మూడో తరగతి పెట్టెల వైపు నడిచాను.

అంతకు ముందు జరిగింది చాలా చిన్న సంగతి. నేను ఆ పెట్టె ఎక్కేసరికి దొర, దొరసాని ఒక వైపు కూర్చుని ఉన్నారు. తెల్లవాళ్ళకు మాత్రమే అన్న పలక దాని మీద లేదు. అలాంటి పలకలున్న పెట్టెలు ఆ రోజుల్లో ఉండేవి. వాటిని చూస్తే, ఎండ చూసి నీడకు జరిగినట్టు, మేము తెలియకుండానే పక్కకు జరిగి నడిచేవాళ్ళం. ఈ పెట్టెకు పలక లేదు గనక ధైర్యంగా ఎక్కి, ఇంగ్లీషులో నమస్కారం చెప్పి కూర్చున్నాను. దొర నా ముఖం కాక నా తల వంక చూశాడు. కాసేపటికి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. స్నేహితుడు వేసినట్టే వేశాడు. "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, అర్థం చేసుకుంటారు. నా భార్యకు ఇది పడదు" అన్నాడు.

'ఇది' అన్నాడు. 'మీరు' అనలేదు.

నేను లేచాను. ఆ తర్వాత చాలాకాలం నన్ను తొలిచిన ప్రశ్న, ఎందుకు లేచానన్నదే. నన్ను ఎవరూ నెట్టలేదు. నెట్టి ఉంటే బహుశా తగాదా పడేవాణ్ణి. కోర్టుల చుట్టూ తిరిగే విలేఖరిని, చట్టం ఎంతో కొంత తెలిసినవాణ్ణి. కానీ ఆయన నన్ను చదువుకున్నవాడు అన్నాడు. అది నిజమని చూపించుకోవడానికి లేచినట్టున్నాను.

నా తల సంగతి చెప్పాలి. ముందురోజే తిరుమలలో మా పాపకు పుట్టువెంట్రుకలు తీయించాం. కత్తి చూడగానే పాప గొంతు చించుకుని ఏడ్చింది. ఎంత సముదాయించినా ఆగలేదు. మా అమ్మ నన్ను ముందుకు తోసి, "మీ నాయన గూడా తీపిచ్చుకుంటాడు సూడు పాపా, నాయన ఏడస్తాడేమో సూద్దాం" అంది. నాకు మొక్కు ఏమీ లేదు. పాప ఏడుపు ఆపడానికి నేను పీట మీద కూర్చున్నాను. నా జుట్టు రాలుతుంటే పాప ఏడుపు మాని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు మళ్ళీ ఏడ్చిందనుకోండి. ఇద్దరికీ గుండు మీద గంధం పూశారు.

మర్నాడు అమ్మనూ, నా భార్యనూ, పాపనూ తిరుపతిలో పాకాల మీదుగా చిత్తూరు పోయే బండి ఎక్కించి, నేను రేణిగుంట వచ్చాను. జిల్లాల విలేఖరులను మా సంపాదకుడు మద్రాసుకు పిలిచాడు. యుద్ధం రోజులు. మూడో తరగతి పెట్టెలు సిపాయిలతో కిక్కిరిసి ఉంటాయని ఆఫీసు ఆ ఒక్కసారికి మమ్మల్ని రెండో తరగతిలో రమ్మంది. పంచె, కోటు, గంధం పూసిన గుండు. రెండో తరగతిలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. మెత్త ఎంత మెత్తగా ఉందో చూసుకునేలోపే దిగాను.

మూడో తరగతిలో నిజంగానే కాలు పెట్టే చోటు లేదు. గుమ్మంలోనే ఆగిపోయాను. పుత్తూరులో దిగి సత్యవేడు వైపు పోవలసిన ఒక ముసలామె నన్ను చూసింది.

"కొండకు పోయొస్తుండావా నాయనా?"

అవునన్నాను.

"ఏమప్పా, రవంత జరగండి. సామి కాడ్నించి వస్తుండాడు మనిషి, నిలబెట్టి మాట్లాడిస్తారా?"

జనం జరిగారు. ఎలా జరిగారో తెలియదు కానీ జరిగారు. ఒక సిపాయి కూడా తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను కూర్చోగానే ముసలామె నా గుండు మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తన కళ్ళకు అద్దుకుంది. ఆమె వెనక మరొకరు. నా దగ్గరున్న ప్రసాదం చిటికెడు చిటికెడు చొప్పున పెట్టెలో అందరికీ అందింది. ఎవరో నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆపాను.

ఆ ప్రయాణంలో నాకు కలిగింది సంతోషం కాదు. నా తల ఒకటే. దాన్ని చూసి ఒక పెట్టెలో మెత్త కడిగారు, ఇంకో పెట్టెలో కళ్ళకు అద్దుకున్నారు. రెండు చోట్లా నా ముఖం ఎవరూ చూడలేదు. ఆ మాట అప్పుడు ఇంత తేటగా తోచలేదు. అప్పుడు తోచింది ఒక్కటే, ట్రంకు పిడి వాసన నా అరచేతికి పట్టిందని. అదే చేత్తో ప్రసాదం పంచుతున్నానని.

మద్రాసులో ఎవరికీ చెప్పలేదు. చిత్తూరు వచ్చాక ఇంట్లో చెప్పాను. అన్నం తింటూ, ఏదో దారిలో చూసిన వింత చెప్పినట్టు చెప్పాను. అమ్మ వడ్డిస్తున్నదల్లా ఆగింది.

"తెల్లోడు నీ మీద చెయ్యేసినాడా?"

"భుజం మీద వేశాడమ్మా. అది కాదు నేను చెప్పేది..."

"ఫినాయిలు తుడిచినోడు నీ ట్రంకు ముట్టుకున్యాడా?"

"ముట్టుకోకుండా ఎట్లా దించుతాడు?"

"అయితే లేయి. కడుపులోకి ఇంకో ముద్ద పోకముందే లేచి బాయి కాడికి పో. తలకు పోసుకో. ఆ ట్రంకు గూడా బయట పెట్టు."

నేను లేచాను. చెప్తే నమ్మరు, ఇక్కడా అదే వేగంతో లేచాను. ఇంటి వెనక బావి దగ్గర అమ్మే చేదతో తోడి పోసింది. పసుపు కలిపిన నీళ్ళు. నేను కూర్చున్న చోటును వాళ్ళు కడిగారు, వాళ్ళు తాకినందుకు నన్ను మా అమ్మ కడిగింది. గుమ్మంలో పాపను ఎత్తుకుని నిలబడ్డ నా భార్య అమ్మకు వినపడకుండా అంది, "ఆళ్ళూ కడుగుతుండారు, ఈళ్ళూ కడుగుతుండారు. మురికి యాడుండాదో ఎవరికీ కనపడినట్టు లేదు." నాకు నవ్వు వచ్చింది. రేణిగుంట తర్వాత నేను నవ్వడం అదే మొదలు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. కొన్నాళ్ళకు నేను ఒక పని చేస్తున్నట్టు నాకే తెలిసింది. కోర్టుకు బయలుదేరే ముందు చొక్కా భుజాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకునేవాణ్ణి. దారిలో మళ్ళీ ఒకసారి. ఎవరితోనైనా దగ్గరగా మాట్లాడవలసి వస్తే ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి. రోజుకు రెండు స్నానాలు మొదలుపెట్టాను. ఎండాకాలం గనక ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. జుట్టు మళ్ళీ పెరిగింది, గంధం ఆనవాలు లేదు, అయినా తల మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

ఇవన్నీ నాతోనే ఉండిపోతే ఇబ్బంది లేకపోయేది. నా ఉద్యోగం మీదికి వచ్చింది.

చిత్తూరు జిల్లా కోర్టులో అప్పటి జడ్జి తెల్లవాడు. మర్యాదస్థుడు, తొందరపడనివాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. యుద్ధకాలం కనుక పెద్ద కేసుల తీర్పులు పత్రికకు పంపే ముందు విలేఖరులు తన గదికి వచ్చి, ముఖ్యమైన మాటలు సరిచూసుకుని వెళ్ళాలని ఆయన నియమం. అంతకు ముందు ఎన్నోసార్లు వెళ్ళాను. నిలబడి నాలుగు మాటలు ఇంగ్లీషులో అడిగి, రాసుకుని, సాయంత్రం బండికి వార్త కవరు తపాలా పెట్టెలో వేసేవాణ్ణి. అది నా అన్నం.

కోర్టు వరండాలు రోజూ పొద్దున ఫినాయిలు కలిపిన నీళ్ళతో కడుగుతారు. ఏళ్ళ తరబడి ఆ వరండాల్లో తిరిగాను, ఆ వాసన ఒక్కనాడూ నా ముక్కున పడలేదు. రేణిగుంట తర్వాత మెట్లెక్కుతుండగానే పడేది. జడ్జి గది తలుపు దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకునేది. భయం అనలేను. భయమైతే గుండె కొట్టుకోవాలి. ఇది వేరు. మాట ఉన్నది, తెలుసు, నాలుక మీదికి రాదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణి. పూతలపట్టు దగ్గర లారీలో బియ్యం దొంగతనంగా తరలిస్తూ పట్టుబడిన కేసు తీర్పు వచ్చిన రోజు అలాగే వెనక్కి వచ్చాను. మర్నాడు ఆ వార్త మిగతా పత్రికల్లో ఉంది, మా పత్రికలో లేదు. మద్రాసు నుంచి తంతి వచ్చింది, కారణం చెప్పమని. జ్వరమని రాశాను. మరో కేసులో మళ్ళీ అదే జరిగింది. ఈసారి తంతిలో కారణం అడగలేదు. ఇంకొకసారి ఇలా అయితే చిత్తూరుకు వేరే మనిషిని చూసుకుంటామన్నారు.

జడ్జి గది బయట బల్ల మీద కూర్చుని ఉంటే ఒక చిన్న వకీలు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయనది పూతలపట్టు దగ్గర మా ఊరే. మా ఊరంటే, మాది ఊళ్ళో, ఆయనది ఊరి బయట పల్లెలో. వాళ్ళ తాత మా పొలాల్లో పనిచేసినవాడు. నాయన తరంలో క్రైస్తవంలో కలిశారు. నాయన ఒక పాదిరి బంగళాలో వంటవాడు. ఈయన ఆ బంగళాలో పళ్ళేలు కడుగుతూ చదువు మొదలుపెట్టి, మద్రాసులో బి.ఎల్. పూర్తిచేసి వచ్చాడు. కోర్టు ఆవరణలో నన్ను 'నువ్వు' అనేవాడు. మా వీధిలో ఎదురైతే 'మీరు' అనేవాడు. ఆ తేడా నాకు తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"ఏమప్పా, జడ్జి వాకిట్లో రోజూ కాపలా కాస్తుండావు. నిన్నేమన్నా బంట్రోతుగా ఏసుకున్యారా?"

నేను నవ్వబోయాను. అదీ సరిగా రాలేదు. ఆయన నా ముఖం చూసి, "పా, టీ తాగుదాం" అన్నాడు.

కోర్టు వెనక ఒక సాయిబు టీ అంగడి ఉండేది. ఊళ్ళో కాఫీ హోటళ్ళలో ఆయనకు గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు. సాయిబు దగ్గర అందరికీ అవే గ్లాసులు. అందుకని ఆయన అక్కడే తాగేవాడు. ఆ రోజు నేను మొత్తం చెప్పాను. రేణిగుంట, మెత్త, కిటికీ చట్రం, తంతి, గొంతు. ఆయన అంతా విన్నాక ఒకటి అడిగాడు.

"తుడిచేటప్పుడు నువ్వు ఆడనే ఉండావా?"

"ట్రంకు లోపల ఉండిపోయింది."

"అదే వాళ్ళకు తెలీకపోయింది. నీ ట్రంకు ముందు దించాల. నిన్ను సాగనంపాల. నువ్వు మలుపు తిరిగినంక తుడవాల. మీ ఇంట్లో అట్లనే చేస్తారు."

నేను ఆయన వంక చూశాను.

"మా తాత నన్ను ఏలు పట్టుకోని మీ ఊరింటికి తీసుకొచ్చేటోడు. వాకిట్లో తిన్నె కింద నిలబడి మీ నాయనతో మాట్లాడేటోడు. మీ అమ్మ మంచిగా పలకరించేది. బెల్లం ముక్క పెట్టేది నాకు. ఒకనాడు మా తాత తుండుగుడ్డ మరిచినాడని నేను ఎనక్కి పరిగెత్తొచ్చినా. మీ అమ్మ చెంబుతో నీళ్ళు చల్లుతా ఉండాది, మేం నిలబడిన చోట. నన్ను చూసి ఆపేసింది. పాపం, ఆమెకే సిగ్గేసింది." ఆయన టీ ఊదుకున్నాడు. "నేనుండంగా ఎప్పుడూ చల్లలేదప్పా. మర్యాదస్తులు."

కోపంగా చెప్పలేదు. సాక్షి విచారణలో అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పాడు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను, "ఇంత నువ్వు ఎట్లా మరిచిపోయినావు?"

"మరిచిపోయినానని ఎవురు చెప్పినారు? ఫినాయిలు నీకు కోర్టులోనే తగులుతాది. నీళ్ళు యాడ లేవు చెప్పు?" అని అంగడి వైపు తిరిగి, "సాయిబూ, ఇంకో రెండు ఇయ్యి" అన్నాడు.

తర్వాత ఆయనే దారి చెప్పాడు. "దొరలంటే నాకు గొంతు పట్టదు. ఎందుకంటే వాళ్ళ ఎంగిలి పళ్ళేలు కడిగినా. బల్ల కాడ వాళ్ళు తింటా ఉంటే నేను చేతులు కట్టుకోని నిలబడాల. మొదట్లో ఏదన్నా అడిగితే నోరు పెగిలేది కాదు. అప్పుడొక పని చేసేటోణ్ణి. బల్ల మీద ఉండేవాటికి లోలోపల మన మాటల్లో పేర్లు పెట్టేటోణ్ణి. ఇది గంటె. ఇది ముంత. ఇది గంప. మూడో నాలుగో అనేసరికి అది మా ఇల్లు మాదిరి అయిపోయేది. మా ఇంట్లో మాట్లాడేదానికి నాకు భయమేంది?"

"ఫినాయిలును ఏమనాలి?"

"దానికి మన మాట లేదు గదప్పా. దాన్నొదిలిపెట్టు. బల్ల మీద ఉండేవి చూడు."

తర్వాతి పెద్ద తీర్పు రోజు ఆయనకు అక్కడ కేసు లేకపోయినా వచ్చాడు. జడ్జి గదిలోకి నాతోపాటు నడిచి, మొదటి మాట ఆయనే అన్నాడు, పత్రిక తరఫున ఈయన వచ్చాడని. జడ్జి తల ఎత్తి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. సిరాబుడ్డి. చాకు. కూజా. కూజా మీద మూత పెట్టిన ఇత్తడి లోటా, అచ్చం మా వంటింట్లోదే. తీర్పులో మూడో పేరా మరోసారి వినిపిస్తారా అని అడిగాను. నా గొంతు నాకు పరాయిగా వినిపించింది, కానీ మాట బయటికి వచ్చింది. జడ్జి చదివాడు. నేను రాసుకున్నాను. మధ్యలో ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నా మోచెయ్యి బల్లకు తగలకుండా నిలబడే రాసుకున్నాను. అది నా వినయం అనుకున్నాడేమో, ఆయన తృప్తిగా తల ఊపాడు. ఆయన చిత్తూరులో ఉన్నంతకాలం ఆ కుర్చీ చూపిస్తూనే ఉన్నాడు, నేను నిలబడుతూనే ఉన్నాను. వార్త మాత్రం ఆ సాయంత్రం బండికి వెళ్ళింది. మళ్ళీ తంతి రాలేదు. ఉద్యోగం నిలిచింది.

వరండాలోకి వచ్చాక నా మనసు ఎంత తేలికైందంటే, అక్కడికక్కడే వకీలుతో అన్నాను, "ఆదివారం మా ఇంటికి రా. కలిసి భోంచేద్దాం."

"మీ అమ్మ ఉండాది గదా."

"ఉంటే?"

"ఉంటే బాయిలో నీళ్ళు దండగ."

"నేను చెప్తాను అమ్మకు."

"జడ్జితో మాట్లాడినంత సులభం కాదప్పా అది" అన్నాడు నవ్వుతూ. కానీ వచ్చాడు. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, చేతిలో మా పాపకు బిస్కత్తు పొట్లం పట్టుకుని వచ్చాడు. మా తిన్నె కింద, వీధిలో, ఆగాడు. నేను బయటికి వచ్చి లోపలికి రమ్మన్నాను.

"పర్వాలేదు, ఈడ గాలి బాగుండాది. మీరు కూసోండి" అన్నాడు. మా వీధి కనుక 'మీరు'.

"తిన్నె మీదన్నా కూర్చో."

అప్పుడే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఆయన్ని గుర్తుపట్టి నిజంగానే సంతోషపడింది. వాళ్ళ తాతను తలుచుకుంది. అంత మంచి పనిమంతుడు మళ్ళీ మా పొలంలో దిగలేదంది. వకీలువైనావంటనే నాయనా, చల్లగా ఉండు అంది. మజ్జిగ తెప్పించింది. ఆ మజ్జిగ వచ్చిన గ్లాసు మా వంటింట్లోది కాదు. పెరటి గూట్లో వేరుగా ఉండే గ్లాసు. ఆయన దాని వంక ఒకసారి చూసి, "దాహం లేదమ్మా, ఇప్పుడే తాగొచ్చినా" అన్నాడు. పాప చేతిలో పొట్లం పెట్టి, నాకు నమస్కారం చేసి, వచ్చిన దారిన వెళ్ళాడు.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఆయన వెళ్ళే వైపు చూస్తూ ఉంది. ఆప్యాయంగా సాగనంపుతున్నట్టే ఉంది. ఆయన మలుపు తిరిగాడు. అమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో వచ్చింది.

"వద్దమ్మా" అన్నాను.

అమ్మ ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు, నిజంగా అర్థంకాక అడిగింది.

"తెల్లోడు తాకినాడని ఆ పొద్దు నీకు తలకు పోస్తే గమ్మున పోపిచ్చుకున్యావు గదరా. అప్పుడు వద్దనలేదే?"

జవాబు ఉంది. నాకు తెలుసు. నాలుక మీదికి రాలేదు. ఎదురుగా ఉన్నది జడ్జి కాదు, మా అమ్మ. మాట్లాడవలసింది ఇంగ్లీషు కాదు. గొంతు మాత్రం అదే గొంతు, బిగుసుకుంది. వకీలు చెప్పిన దారి గుర్తుకొచ్చి చుట్టూ చూశాను. తిన్నె. చెంబు. గడప. ముగ్గు. వీటికి కొత్తగా పెట్టవలసిన పేరు ఏదీ లేదు. ఇది మొదటి నుంచీ మా ఇల్లే.

నేను ఇంకేమీ అనకపోయేసరికి అమ్మ నీళ్ళు చల్లింది. కొంచెమే చల్లింది. నా మొహం చూసి కాబోలు, ఎప్పటికన్నా తక్కువే చల్లింది. ఎండకు అవి వెంటనే ఆరిపోయాయి.

మర్నాడు సాయిబు అంగడిలో ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. టీ డబ్బులు ఇచ్చే వంతు ఎవరిదన్నదాని మీద మామూలుగానే వాదులాడుకున్నాం.

తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. జడ్జి ఓడెక్కి వెళ్ళిపోయాడు. రైలుపెట్టెల మీద తెల్లవాళ్ళ పలకలకు రంగు పూశారు. ఎండ ఏటవాలుగా పడితే కొన్నాళ్ళు ఆ రంగు కింద అక్షరాలు కనపడుతూనే ఉండేవి. పత్రిక పని మీద రెండో తరగతిలో చాలాసార్లు తిరిగాను. ఇప్పుడు నన్ను లేవమనేవాడు లేడు. అయినా మెత్త అంచునే కూర్చుంటాను, మోచెయ్యి కిటికీకి ఆనించను. చొక్కా వాసన చూసుకోవడం ఎప్పుడు మానుకున్నానో తెలియదు, మానుకున్నాను.

అమ్మ పోయింది. ఆమె అడిగినదానికి నేను జవాబు చెప్పకుండానే పోయింది. గూట్లో గ్లాసును నా భార్య ఎప్పుడో తీసేసి వంటింటి గ్లాసుల్లో కలిపేసింది. ఇప్పుడు వాటిలో అది ఏదో మేమే గుర్తుపట్టలేం. ఆ మాట వకీలుతో చెప్పాను. మంచిదన్నాడు. ఇంటికి రమ్మని పిలిచినప్పుడల్లా వస్తానంటాడు. పని ఉంటే వస్తాడు కూడా. మా వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ దీపస్తంభం దగ్గర నిలబడి, దారిన పోయే పిల్లలెవరితోనో నాకు కబురు పంపుతాడు. నేను వెళ్ళి అక్కడే నిలబడి మాట్లాడి వస్తాను. ఆ ఆదివారం తర్వాత ఆ మలుపు ఆయన ఇంతవరకు దాటలేదు.